యాకూబ్ సాబ్ పొద్దుటి సూది

ముందే చెబుతున్నాను, నేను పిరికివాణ్ణి కాను. ఆర్టీసీలో కండక్టరుగా చేరి కండక్టరుగానే రిటైరైన మనిషి పిరికివాడైతే ఆ ఉద్యోగంలో వారం కూడా నిలవడు. సంగారెడ్డి, పటాన్‌చెరు మధ్య ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళను కాలరు పట్టుకుని లోపలికి లాగాను. తాగి ఎక్కి లొల్లి పెట్టినవాళ్ళను నడిరోడ్డున దించేశాను. డిపో మేనేజరు ఎదురుగా నిలబడి, ఆయన బల్ల మీద చెయ్యి చరిచి మరీ మాట్లాడాను. అయితే సూది అంటే మాత్రం నాకు పడదు. పడకపోవడం వేరు, భయపడటం వేరు. ఈ తేడా మా ఆవిడ అరుణమ్మకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మాది లక్డారం. ఒక పక్క కంకర మిషన్లు, ఇంకో పక్క కంపెనీలకు పోయే బస్సులు, మధ్యలో మేము. మా ఈడువాళ్ళలో షుగరు లేనివాడు కనిపిస్తే, ఏ ఊరు నుంచి వచ్చావయ్యా అని అడగాల్సిందే. పెళ్ళి భోజనాల్లో లడ్డూలు వడ్డించేవాడు మా వరుస దగ్గరికి రాగానే బుట్ట పక్కకు తిప్పుకుని పోతాడు. మొదట్లో గోళీలతో గడిచింది. తర్వాత గోళీలు సరిపోవడం లేదని డాక్టరు ఇన్సులిన్ సూది రాశాడు. రోజూ పొద్దున టిఫిను తినే ముందు పొట్ట మీద పొడుచుకోవాలట. అదీ మన చేత్తో మనమే.

ఆడవాళ్ళు ఒక్క పూటలో నేర్చుకున్నారు. పల్లె దవాఖాన సిస్టరు నిహారిక ఒకసారి చూపించింది, అంతే. అరుణమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టి, అది పొంగేలోపు చీర కొంచెం పక్కకు జరిపి పొడుచుకుని, మళ్ళీ చాయ్ దించుతుంది. ఆ మధ్యలో కూరగాయల బండివాడితో బేరం కూడా ఆపదు.

"నీకు గూడ నేనే పొడుస్త, రా" అని మొదటిరోజే పిలిచింది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె మీద నేను అరిచిన అరుపులన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అంత కోపం దాచుకున్న మనిషి చేతికి సూదిచ్చి పొట్ట చూపించేంత తెలివితక్కువవాణ్ణి కాదు నేను. వద్దన్నాను.

మగవాళ్ళం అందరం చివరికి యాకూబ్ దుకాణానికి చేరాం.

యాకూబ్ దర్జీ. మెయిన్ రోడ్డు మీద, ఇంటికి ముందు గదిలోనే దుకాణం. ఒకప్పుడు ఊళ్ళో పెళ్ళికొడుకుల బట్టలన్నీ ఆయనే కుట్టేవాడు. ఇప్పుడు రెడీమేడ్ వచ్చాక కంపెనీ పిల్లల ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, చిరిగిన యూనిఫాములు కుట్టడం. మా అందరికంటే ముందే ఆయనకు షుగరు వచ్చింది, మా అందరికంటే ముందే సూది వచ్చింది. పోచయ్య ఒకనాడు దవాఖాన నుంచి సూదికి భయపడి పారిపోయి ఈ దుకాణంలో దూరాడు. యాకూబ్ వాడిని స్టూలు మీద కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, వాడికి తెలియకుండానే పొడిచేశాడు. ఆ మాట ఊరంతా పాకింది. మర్నాటి నుంచి పొద్దున్నే ఆ దుకాణం ముందు మా చెప్పులు వరుసగా ఉండేవి.

ఆయన పద్ధతే వేరు. మనం తీసుకుపోయిన సీసాలోంచి సిరంజి గీతల లెక్కన మందు తానే నింపుకుంటాడు. ఊపిరి బిగబట్టు అనడు, అటు చూడు అనడు. గుడ్డ కుచ్చు పట్టినట్టు రెండు వేళ్ళతో పొట్ట మీద చర్మం పట్టుకుని, మనిషికి ఎక్కడ మండుతుందో అక్కడ ఒక మాట అంటాడు. ఆ మాటకు మనం ఎగిరి పడేలోపు పని అయిపోతుంది. ఎవరి మాట వాళ్ళకు ఉంటుంది. పోచయ్యకైతే, "నీ పొలంల పండిన వడ్లు కోళ్ళు గూడ తినయట గదా?" నాకైతే రోజూ ఒకటే.

"కండక్టర్ సాబ్, నీ సర్వీసుల ఒక్కనాడన్న బస్సు టైముకొచ్చిందా?"

నాకు నెత్తురు మరిగేది. "టైముకు రాలేదా? నా బస్సు చూసి కంపెనీలోళ్ళు గడియారాలు దిద్దుకునెటోళ్ళు తెలుసా? నువ్వొక్కడివే ఎప్పుడూ లేటుగ వచ్చి, బస్సు లేటంటవ్..." నేను ఇంకా అంటూనే ఉండేవాణ్ణి. "అయిపాయె, లే" అనేవాడు ఆయన. చూస్తే నిజంగానే అయిపోయి ఉండేది.

లోపలి నుంచి ఆయన భార్య గౌసియా భాబీ చక్కెర లేని చాయ్ పంపేది. ఆ చాయ్ ఎంత చప్పగా ఉన్నా, ఆ దుకాణంలో తాగితే బాగుండేది. రిటైరైన తర్వాత పొద్దున్నే లేచి వెళ్ళడానికి నాకొక చోటు ఉందంటే అది యాకూబ్ స్టూలే.

ఆ స్టూలు ఎంత ముఖ్యమో ఒకసారి తెలిసొచ్చింది. యాకూబ్ జహీరాబాదులో మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు. వెళ్ళినవాడు చుట్టాలు వదలక అక్కడే ఉండిపోయాడు. నేను పళ్ళు బిగించి దవాఖానకు పోయి సిస్టరుతో పొడిపించుకున్నాను. పోచయ్య పోలేదు. కోడలు పొడుస్తానంటే సిగ్గు, సిస్టరు పొడుస్తుందంటే భయం. మానేశాడు. కాలి చిటికెన వేలికి చెప్పు కరిచిన పుండు ఉండేది. యాకూబ్ తిరిగొచ్చేసరికి ఆ పుండు పెరిగి, వేలు తీసేశారు. పోచయ్య ఇప్పటికీ ఆ కాలికి మాత్రం బూటు వేసుకుని తిరుగుతాడు. ఇంకో కాలికి మామూలు చెప్పే.

సరే, అసలు కథకు వస్తాను. ఈ మధ్య మనవరాలి నామకరణానికి తెల్ల చొక్కా కుట్టమని యాకూబ్‌కు ఇచ్చాను. ఫంక్షన్లో ఫొటో దిగే ముందు అరుణమ్మ నన్ను పక్కకు లాగింది. నా తెల్ల చొక్కాకు బొత్తాలన్నీ ఆకుపచ్చ దారంతో కుట్టి ఉన్నాయి. జేబు ఒక పక్కకు ఒరిగి ఉంది. నా కోపం మీకు తెలుసు కదా. ఆ చొక్కాతోనే పోయి ఆయన మిషను మీద పడేద్దామనుకున్నాను. దుకాణం దాకా పోయాను కూడా.

యాకూబ్ మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. దారం సూది పక్క నుంచి పోతోంది. మళ్ళీ తడి చేసి పెడుతున్నాడు, మళ్ళీ పక్క నుంచి పోతోంది. చివరికి వేలితో తడిమి, గోటితో సూది రంధ్రం వెతుక్కుని ఎక్కించాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నన్ను ఆయన చూడలేదు. అంటే, నా వైపు చూశాడు, కానీ చూడలేదు.

నేను చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. యాకూబ్ దగ్గర సూది పొడిపించుకుని, చాయ్ తాగి, ఇంటికి పోతూ బస్టాండు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాను. ఒళ్ళంతా చెమట పట్టింది. చేతులు వణికాయి. ఎదుటివాడి మాట గుహలోంచి వచ్చినట్టు వినిపించింది. హోటలువాడు చక్కెర డబ్బా ఎత్తి నా నోట్లో పోశాడు, లేకపోతే ఈ కథ మీకు వేరేవాళ్ళు చెప్పేవారు. షుగరు డౌనైందని నిహారిక అంది. మందు ఎక్కువ ఎక్కి ఉంటుందని కూడా అంది. ఎన్నో ఏళ్ళ తర్వాత నోటినిండా చక్కెర తిన్నాను, దాని రుచి కూడా తెలియలేదు.

అరుణమ్మకు వెంటనే అర్థమైంది. యాకూబ్‌కు సిరంజి మీది గీతలు కనిపించడం లేదు.

"రేపటి సంది సిరంజి నేను నింపి ఇస్త" అంది. "నువ్వు తీసుకపోయి పొడిపించుకో. ఆయనకేం చెప్పకు."

"ఎట్ల చెప్త? పెద్దమనిషి. నీకు కండ్లు కనిపిస్తలేవని మొఖం మీద అంటనా? మనసు నొచ్చుకుంటది."

"అందుకే చెప్పకంటున్న."

కళ్ళజోడు డబ్బాలో నింపిన సిరంజి పెట్టుకుని పోవడం మొదలుపెట్టాను. "భాయ్, నీకు పనెక్కువున్నది గదా, నేనే నింపుకొచ్చిన" అన్నాను. యాకూబ్ దాన్ని చేతిలోకి తీసుకుని, బస్సు మాట అని, పొడిచేశాడు. చెయ్యి మాత్రం ఎప్పటిలాగే తేలిగ్గా ఉంది. పొట్ట కనిపించకపోయినా చేతికి తెలుస్తుంది కదా. నేను పెద్ద తెలివైన పని చేశానని సంబరపడ్డాను.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒకరోజు పోచయ్య జేబులోంచి అగ్గిపెట్టె తీస్తుంటే దాంతోపాటు నింపిన సిరంజి కింద పడింది.

"మా కోడలు నింపింది. సీసా తీసుకపోతే పగులుతదని" అన్నాడు గాభరాగా.

"నిజం చెప్పు పోచన్నా."

"నీ జేబుల ఏమున్నదో అది సూపియ్యి ముందుగాల."

నా కళ్ళజోడు డబ్బా తెరిచాను. అందులోనూ నింపిన సిరంజే. తర్వాత మెల్లగా కనుక్కుంటే, ఆ దుకాణానికి వచ్చే ప్రతివాడూ ఇంట్లోనే నింపుకుని వస్తున్నాడు. ఒకడు మజ్జిగ సీసా సంచిలో, ఒకడు పాత సిగరెట్ డబ్బాలో. ఎవరికి వాళ్ళు తామొక్కరే తెలివైనవాళ్ళమనుకుంటున్నారు. అందరిదీ ఒకటే కారణం, యాకూబ్ మనసు నొప్పించకూడదు. మా ఊళ్ళో అంతే. పక్క పొలంవాడి గట్టు కింద మట్టి తవ్వమంటే తవ్వుతాం గానీ, ఒక పనిమంతుడి మొహం మీద నీ పని పోయిందని అనలేం. గౌరవంగా, మర్యాదగా, ఎవరం ఎవరికీ చెప్పకుండా రోజులు గడుపుతున్నాం.

ఒక సాయంత్రం గౌసియా భాబీ మా ఇంటికి వచ్చింది. సాధారణంగా ఆమె అరుణమ్మతో వంటింట్లో మాట్లాడి పోతుంది. ఆ రోజు వరండాలో నా ఎదురుగా నిలబడింది.

"భయ్యా, మీరు మా ఆయనకు మంచి చేస్తుండ్రో చెడు చేస్తుండ్రో నాకు సమజైతలేదు" అంది.

నేను లేచి నిలబడ్డాను.

"కండ్ల డాక్టర్లు క్యాంపు పెట్టినప్పుడు సూపిచ్చినం. షుగరుతోటి కంటి లోపట రక్తం కారుతున్నదట. ఎడమది పోయినట్టే అన్నరు. కుడిది సంగారెడ్డికొచ్చి లేజర్ పెట్టించుకుంటే నిలబడతదట. జల్దీ రాకపోతే అది గూడ పోతదన్నరు. నేను రోజు చెప్తున్న. ఏమంటడో తెలుసా? నాకు కండ్లు మంచిగనే ఉన్నయి, ఊరోళ్ళంత పొద్దుగాల నాకాడికే సూదికొస్తలేరా, గుడ్డోని కాడికి సూదికి ఎవరన్న వస్తరా అంటడు."

కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు జెర కోపం చేయండి భయ్యా. మీకు కోపం వస్తది గదా."

ఆమె వెళ్ళిపోయింది. అరుణమ్మ చాయ్ ఇచ్చింది, తాగలేదు. బాధగా ఉంది, బాధ కంటే ఎక్కువ ఒళ్ళు మండుతోంది. ఆయన మనసు నొప్పించకూడదని మేమంతా కలిసి ఆయన కన్ను తీసేస్తున్నాం. మా మర్యాదే ఆయనకు సాకు అయింది. ఎవరో అడిగితే కోపం తెచ్చుకోవాల్సిన అవసరం నా జీవితంలో ఎప్పుడూ రాలేదు. ఆ రోజు మాత్రం రాత్రంతా దాన్ని కూడబెట్టుకున్నాను.

పొద్దున్నే దుకాణానికి పోయాను. పోచయ్యా మిగతావాళ్ళూ అప్పటికే ఉన్నారు. నేను స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు డబ్బా తీయలేదు. ఇన్సులిన్ సీసా, ఖాళీ సిరంజి తీసి మిషను మీద పెట్టాను.

"యాకూబ్ భాయ్, ఇయ్యాల నువ్వే నింపాలె."

పోచయ్య బూటు కాలితో నా కాలు తొక్కాడు. నేను లెక్కచేయలేదు.

యాకూబ్ సీసా తీసుకోలేదు. "ఎందుకు? అరుణమ్మక్క నింపలేదా?" అన్నాడు.

నేనే నింపుకొస్తున్నానని చెప్పానే తప్ప, ఆమె నింపుతుందని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

"సూది సూస్తెనే కండ్లు మూసుకుంటవ్. నువ్వేం నింపుతవయ్యా?" యాకూబ్ నవ్వాడు. "పోచయ్యది కోడలు నింపుతది. అందరూ నింపుకొనే వస్తుండ్రు. నాకు కండ్లు కనిపించకపోతే ఏమాయె, దిమాగ్ పని చేస్తున్నది గదా."

రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను రాత్రంతా కూడబెట్టుకున్న కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

"అన్నీ తెలిసి ఎందుకు ఊకున్నవ్ మరి?" అన్నాను చివరికి. "సంగారెడ్డి ఎందుకు పోతలేవ్? ఉన్న కన్ను గూడ పోగొట్టుకుంటవా? భాబీకి పాగల్ మాటలు చెప్పి ఇంట్ల కూసుంటవా?"

"పోతే మీకెవరు పొడుస్తరు?"

చాలా మామూలుగా అన్నాడు ఆ మాట. గుడ్డ కొలతలు అడిగినట్టు.

"లేజర్ ఒక్కనాటితోటి అయ్యేది కాదట. తిరిగి తిరిగి పోవాలె. యాస్మిన్ ఇంట్ల ఉండాలె. అయినంక గూడ ఒంగొద్దు, బరువు లేపొద్దు అంటరు. అన్ని దినాలు మీరేం చేస్తరు? ఒక్క పెండ్లికి జహీరాబాద్ పోయిన. వచ్చేవరకు పోచయ్య వేలు లేదు. నేను ఆ పెండ్లిల తిన్న బిర్యానీ ఇంకా అరగలేదు."

యాస్మిన్ ఆయన కూతురు, సంగారెడ్డిలో ఉంటుంది. తండ్రిని రమ్మని ఎన్నాళ్ళుగానో పిలుస్తోంది. ఇంత దగ్గర ఊరికి ఆయన ఎందుకు పోవడం లేదో మాకెవరికీ తట్టలేదు.

పోచయ్య తన బూటు వంక చూసుకున్నాడు. "నా వేలు ముచ్చట నీకెందుకయ్యా" అన్నాడు. "అది నా వేలు. నేను పోగొట్టుకున్న. నువ్వెందుకు మోస్తవ్?" చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. వాడు ఏడవడం నేను చిన్నప్పటి నుంచి చూడలేదు.

నాకు అప్పుడు ఆయన మీద వచ్చింది ప్రేమో కోపమో చెప్పలేను, రెండూ ఒకే గొంతుతో వస్తాయి నాకు. ఆయన కోసం మేము అబద్ధమాడుతున్నాం, మా కోసం ఆయన ఆ అబద్ధాన్ని నమ్మినట్టు నటిస్తున్నాడు. ఇంత పెద్దమనుషులం, ఒక కన్ను పోయేదాకా ఒకరికొకరం మంచివాళ్ళమై కూర్చున్నాం.

"మేము పొడుచుకుంటం. నువ్వు పో" అన్నాను.

"నువ్వా?"

ఆ ఒక్క మాటకు అందరూ నవ్వారు. పోచయ్య కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"మీరు మీ చేతులతోటి పొడుచుకుంటే నేను పోత" అన్నాడు యాకూబ్. "అందరు. ఒక్కడు తప్పినా నేను పోను. ఖుదా కసం."

ఆ సాయంత్రమే పల్లె దవాఖానలో మాకు బడి మొదలైంది. నిహారిక తలా ఒక బత్తాయి, ఒక ఖాళీ సిరంజి చేతికిచ్చింది. బత్తాయి తోలు మనిషి చర్మంలాగే ఉంటుందట. పొడవండి తాతా, పొడవండి అంటూ మా చుట్టూ తిరిగింది. ఆడవాళ్ళు పని మానుకుని చూడటానికి వచ్చారు. ముసలి మగవాళ్ళంతా వరుసగా కూర్చుని బత్తాయిలను పొడుస్తుంటే వాళ్ళకు సినిమా చూసినట్టుంది.

"ఏమయ్యా, బత్తాయికి షుగర్ తగ్గిందా?" అని అరుణమ్మ గుమ్మంలోంచి అడిగింది.

బత్తాయి విషయంలో నేనే అందరికంటే ముందున్నాను. చకచకా పొడిచాను. ఆ తర్వాత పొట్ట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పోచయ్య ఎల్లమ్మ తల్లిని తలచుకుని, కళ్ళు మూసుకుని, పొడుచుకున్నాడు. మరునాటికి మిగతావాళ్ళు కూడా పొడుచుకున్నారు. నేను మాత్రం రేపు అన్నాను. మర్నాడు మళ్ళీ రేపు అన్నాను. సూది కొన చర్మానికి తగిలేదాకా పోతుంది నా చెయ్యి, అక్కడి నుంచి ముందుకు పోదు. బస్సు స్టేజీకి వచ్చి ఆగినట్టు ఆగుతుంది. నాకు మాత్రం ఇంకా యాకూబే పొడుస్తున్నాడు, బస్సు మాట అంటూ.

"కండక్టర్ సాబ్ ఒక్కడే మిగిలిండు" అనేవాడు. తిట్టేవాడు కాదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

గౌసియా భాబీ ఆగలేదు. ఆమెకు మా పందేలతో పని లేదు. కూతురితో మాట్లాడి డాక్టరు రమ్మన్న రోజు ఖాయం చేసింది. వాళ్ళను సంగారెడ్డి దాకా తీసుకుపోయే బాధ్యత నాది. బస్సు ఎక్కించి దించడం నాకంటే బాగా ఎవరికి తెలుసు? యాకూబ్ మాత్రం ఒకటే మాట. బస్టాండుకు వస్తాను, సంచి పట్టుకుని వస్తాను. కండక్టర్ సాబ్ పొడుచుకుంటేనే బస్సెక్కుతాను, లేకపోతే అక్కడి నుంచే ఇంటికి.

ఆ పొద్దున అరుణమ్మ సిరంజి నింపి కళ్ళజోడు డబ్బాలో పెట్టి ఇచ్చింది. జొన్నరొట్టె, కూర వేరే డబ్బాలో కట్టింది. గడప దాటాక వెనక నుంచి, "ఆయన కన్నయ్యా అది" అంది. అంతే.

బస్టాండులో యాకూబ్ సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల కుర్తా, ఒళ్ళో సంచి. గౌసియా భాబీ రోడ్డు అవతల కిరాణా దుకాణంలో బిస్కెట్లు కొంటోంది, దారిలో ఆయనకు షుగరు పడిపోతే పెట్టడానికి. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"పొడుచుకున్నవా?" అన్నాడు.

ఒక్క మాట. పొడుచుకున్న అంటే చాలు. ఆయనకు నా మొహం కూడా సరిగ్గా కనిపించదు, పొట్ట ఏం కనిపిస్తుంది? బస్సెక్కుతాడు, సంగారెడ్డి పోతాడు, కన్ను నిలుస్తుంది. నేను అక్కడి దవాఖానలో ఎవరో సిస్టరును బతిమాలుకుంటాను. ఇంత తేలికైన అబద్ధం నాకు మళ్ళీ దొరకదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

కానీ ఇన్నాళ్ళూ మేము ఆయనకు చెప్పినవన్నీ ఇలాంటివే. ఆయన కనిపించని కళ్ళ ముందు ఎంత మర్యాదగా నటించామో అంతగా ఆ చూపు తగ్గిపోయింది. ఇంకొకటి చెప్పలేకపోయాను.

"లేదు భాయ్. ఇంకా పొడుచుకోలే" అన్నాను.

ఆయన తల ఊపాడు. సంచి పట్టుకుని లేవబోయాడు.

"ఆగు. ఇప్పుడు పొడుచుకుంట."

చొక్కా ఎత్తాను. డబ్బా తెరిచాను. ఆ మూత చప్పుడు విని ఆయన మళ్ళీ కూర్చున్నాడు. రెండు వేళ్ళతో చర్మం పట్టుకున్నాను, గుడ్డ కుచ్చు పట్టినట్టు. సూది కొన ఆనించాను. చెయ్యి ఆగిపోయింది. చెమట కారి కళ్ళలోకి పోతోంది. పక్కన ఒక కంపెనీ కుర్రాడు నన్ను వింతగా చూస్తున్నాడు. నాకు నా భయం మొట్టమొదటిసారి భయంలాగే కనిపించింది, వేరే పేరు దొరకలేదు.

యాకూబ్ ముఖం రోడ్డు వైపే ఉంది. తీరిగ్గా అడిగాడు.

"కండక్టర్ సాబ్, నీ సర్వీసుల ఒక్కనాడన్న బస్సు టైముకొచ్చిందా?"

"రాలేదా?" అని అరిచాను. "నా బస్సు టైముకు రాలేదా? ఎండాకాలం రాలేదా, వానాకాలం రాలేదా? నువ్వు, నీ పెండ్లాం, నీ పిల్లలు ఎవరి బస్సుల పోయిండ్రు దవాఖానకు? యాస్మిన్ పుట్టిన పొద్దు ఎవరాపిండ్రు బస్సు స్టేజీ కాకున్నా? ఎవరు..."

ఒక చల్లని చెయ్యి నా చేతి మీద పడింది. తడుముకుంటూ నా బొటనవేలి దాకా వచ్చింది.

"ఒత్తు" అన్నాడు యాకూబ్. "పూరా ఒత్తు."

చూసుకున్నాను. సూది లోపల ఉంది. నేనే పొడిచాను. ఎప్పుడు పొడిచానో తెలియదు. బొటనవేలు ఒత్తాను. ఆయన చెయ్యి నా చేతి మీదే ఉంది, ఒత్తడం లేదు, ఊరికే ఉంది.

సూది తీశాను. ఇన్నాళ్ళూ ఆయన అనే మాట ఆ రోజు ఆయన అనలేదు. నేనే అనాల్సి వచ్చింది.

"అయిపాయె" అన్నాను. "లే."

ఆయన లేచాడు. సంచి చంకకు తగిలించుకున్నాడు. నా భుజం వెతికి పట్టుకుని, రోడ్డు వైపు మెడ చాచి, చెవి పెట్టి నిలబడ్డాడు.

"బస్సొస్తున్నదా?" అని అడిగాడు.

బస్సు అప్పటికే మలుపు తిరిగి, హోటలు దాటి, మా ఎదురుగానే ఉంది. దాని బోర్డు మీద సంగారెడ్డి అన్న అక్షరాలు ఇంటి తలుపంత పెద్దగా ఉన్నాయి. గౌసియా భాబీ బిస్కెట్ల పొట్లం పట్టుకుని రోడ్డు దాటుతోంది. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"వస్తున్నది భాయ్" అన్నాను. "టైముకే వస్తున్నది."